పురుగు మందు చల్లు రైతులును, శస్త్రచికిత్స మత్తును

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడి నేలలలో ప్రత్తి సేద్యము విస్తారము. ప్రత్తికి పురుగు మందు చల్లిన వారముననే రైతుకు కడుపునొప్పి వచ్చి, దవాఖానాలో శస్త్రచికిత్స చేయించుకొనవలసి రావచ్చును. చేనిలో చల్లిన మందునకును, శస్త్రచికిత్సలో ఇచ్చు మత్తునకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. సంబంధము కలదు. అది ప్రాణముతో కూడిన సంబంధము గాన ఈ మాసపు పాఠముగ దానినే గ్రహించితిమి.

మత్తు నిచ్చునపుడు వైద్యులు నిద్ర మందుతోపాటు కండరములను సడలించు మందును గూడ వాడుదురు. కండరములు బిగిసియున్నచో కడుపు కోయుటయు, గొంతులోనికి ఊపిరి గొట్టము దింపుటయు కష్టము. 1942లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున హెరాల్డ్ గ్రిఫిత్ అను వైద్యుడు, దక్షిణ అమెరికా ఆదివాసులు బాణములకు పూయు క్యురారే అను విషమును ఈ పనికి వాడి చూపెను. 1951 ప్రాంతమున సక్సినైల్‌కోలిన్ అను మరియొక మందు వాడుకలోనికి వచ్చెను. ఇది ఒక్క నిమిషములోనే ఊపిరి కండరములతో సహా సమస్తమును సడలించును. 5 నుండి 10 నిమిషములలో దీని బలము తీరిపోవును.

అంత త్వరగా తీరుటకు కారణమేమి? మన కాలేయము కోలినెస్టరేజ్ అను ద్రవ్యమును తయారుచేసి రక్తములోనికి పంపును. అది ఈ మందును విరుగగొట్టును. మడిలో నీరు నిలిచినపుడు మురుగు కాలువ తెరచియున్నచో నీరు పోవును. కాలువ పూడినచో మడి మునిగియే యుండును. ఇదియు నట్లే.

క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ మొదలగు ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు పురుగు దేహములోని ఇట్టి ద్రవ్యమునే పాడుచేసి దానిని చంపును. చర్మము ద్వారా గాని, ఊపిరి ద్వారా గాని రైతు దేహములో ప్రవేశించినచో ఆయన రక్తములోని కోలినెస్టరేజ్ కూడ తగ్గును. అది మరల నిండుటకు కొన్ని వారములు పట్టును. ఈలోగా రైతు ఆరోగ్యముగనే కనబడవచ్చును. అట్టివానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చినచో నిమిషములలో తీరవలసిన బలము గంటలకొలది నిలువవచ్చును. అంతవరకు యంత్రముతో ఊపిరి పోయుచుండవలయును. పోసినచో రోగి తేరుకొనును. యంత్రము లేనిచోట అపాయము.

ఈ లోపము కొందరికి పుట్టుకతోనే యుండును. మన వైశ్య కుటుంబములలో ఇది ఇతరులకంటె హెచ్చుగ గలదని వైద్యులెరుగుదురు. దీనికి మూలమైన వంశపారంపర్యపు మార్పును 2006లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. దినచర్యలో వీరికి ఏ బాధయు నుండదు. మత్తు పుచ్చుకొన్నప్పుడే తెలియును.

మరికొన్ని మందులును లెక్కలోనికి వచ్చును. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ సూదులును, గర్భిణులకు వాతము రాకుండ ఇచ్చు మెగ్నీషియమును కండరముల సడలింపును పొడిగించును. మూర్ఛకు చిరకాలము ఫెనిటాయిన్ మాత్రలు మింగువారిలో, రోక్యురోనియం వంటి సడలింపు మందుల బలము త్వరగా తీరును.

కావున చేయవలసిన దేమనగా:

1. మత్తు ఇచ్చు డాక్టరుగారితో, ఏ మందు, ఎన్నడు చల్లితిరో చెప్పుడు. డబ్బా మీది చీటీని ఇంట దాచి చూపుడు.

2. మీరు గాని, మీ రక్తసంబంధులు గాని మత్తు తరువాత ఊపిరి రాక ఆలస్యమై బాధపడి యున్నచో ఆ సంగతి దాచకుడు. రక్తపరీక్ష వలన లోపము తెలియును.

3. వాడుచున్న మాత్రలు, సూదులు అన్నియు చూపుడు.

4. ఈ సంగతులు ఇంటి ఇల్లాలికిని, పిల్లలకును తెలుపుడు. తెలివి తప్పినచో చెప్పవలసినవారు వారే.

భయముచేత అవసరమైన శస్త్రచికిత్సను మానుకొనకుడు. సంగతి ముందుగ తెలిసినచో వైద్యులు వేరు మందు నెన్నుకొందురు, యంత్రమును సిద్ధపరతురు. మందు చల్లునపుడు చేతులకు తొడుగులు, ముక్కునకు ముసుగు ధరించి, పని ముగిసిన వెంటనే సబ్బుతో స్నానముచేసి బట్టలు మార్చుడు. విత్తనమును గూర్చి దాపరికము లేక అడుగు రైతు, తన దేహమును గూర్చియు దాపరికము లేక చెప్పవలయునని మా మనవి.