ప్రచ్ఛన్న యుద్ధం - పుట్టుపూర్వోత్తరాలు

1945 ఏప్రిల్ 25వ తేదీన జర్మనీలోని టోర్గా పట్టణం దగ్గర ఎల్బా నదీ తీరంలో రెండు సైన్యాలు కలుసుకున్నాయి. పడమటి నుంచి అమెరికా సైనికులు, తూర్పు నుంచి సోవియట్ సైనికులు వచ్చారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా చేతులు కలిపారు, ఆలింగనం చేసుకున్నారు. నాజీ జర్మనీ రెండుగా తెగిపోయింది. విజయం కనుచూపు మేరలోనే ఉంది. ఆ కరచాలనానికి మూడేళ్లు నిండి రెండు నెలలు గడిచేసరికి, అదే జర్మనీ గడ్డపై ఆ ఇద్దరు మిత్రులు బద్ధశత్రువులై నిలిచారు. ఈ మార్పు ఏ ఒక్కరి పన్నాగం వల్లనో రాలేదు. ఒకరు ఆత్మరక్షణ అనుకుని వేసిన ప్రతి అడుగూ ఎదుటివారికి దండయాత్రగా కనిపించింది.

ఈ వైరానికి ఆంగ్లంలో ఉన్న పేరు 'శీతల యుద్ధం' అనే అర్థాన్నిస్తుంది. బ్రిటిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1945లోనే ఆ మాటను వాడాడు. 1947లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ రాసిన పుస్తకంతో అది లోకమంతటా వ్యాపించింది. తెలుగులో స్థిరపడిన 'ప్రచ్ఛన్న యుద్ధం' అనే పదం మూలం కంటె ఒక విధంగా అర్థవంతమైనది. ప్రచ్ఛన్నమంటే కప్పబడినది. నివురుగప్పిన నిప్పు చల్లగా ఉండదు గదా!

ఆ నిప్పు 1945లో రాజుకున్నది కాదు. 1917లో రష్యాలో బోల్షెవిక్ విప్లవం విజయం సాధించిన మరుసటి సంవత్సరమే బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, జపాన్ సేనలు ఆ దేశపు నేలపై దిగాయి. మాస్కో పాలకులు ఆ సంగతి ఎన్నడూ మరువలేదు. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా 1933 వరకు గుర్తించనేలేదు. మరోవైపు, 1939లో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం కుదుర్చుకుని పోలండ్‌ను పంచుకోవడాన్ని పాశ్చాత్యులు మరువలేదు. హిట్లర్ అనే ఉమ్మడి శత్రువు ఉన్నంతకాలం ఈ జ్ఞాపకాలు అణగి ఉన్నాయి. అప్పుడు కూడా, పడమటి దిక్కున రెండవ యుద్ధరంగం తెరవమని స్టాలిన్ ఎంతగా ఒత్తిడి చేసినా, 1944 జూన్ 6 వరకు ఫ్రాన్స్ తీరంలో భారీ సేనలు దిగలేదు. ఈలోగా రష్యన్లు లక్షలాదిగా నేలకొరిగారు. యుద్ధం ముగిసేనాటికి సోవియట్ యూనియన్ కోల్పోయిన ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. అమెరికా కోల్పోయినవి సుమారు 4 లక్షలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడనివారికి స్టాలిన్ భయం అర్థం కాదు. అయితే భయం అర్థమైనంత మాత్రాన అతని చేతలు సమర్థనీయం కావు.

పోలండ్ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ సమావేశమయ్యారు. రష్యాపై శత్రువులు దండెత్తి వచ్చే దారి పోలండేనని, అక్కడ తమకు అనుకూలమైన ప్రభుత్వం ఉండడం జీవన్మరణ సమస్య అని స్టాలిన్ వాదన. బ్రిటన్ 1939లో యుద్ధానికి దిగిందే పోలండ్ కోసమని చర్చిల్ సమాధానం. స్వేచ్ఛగా ఎన్నికలు జరిపించేందుకు స్టాలిన్ అంగీకరించాడు. కాని 1947 జనవరిలో జరిగిన ఎన్నికలు ప్రతిపక్షాన్ని అణచివేసి జరిపిన తతంగం మాత్రమే. ఇద్దరు బలవంతుల భయాల నడుమ పోలండ్ ప్రజల అభీష్టాన్ని అడిగినవారు లేరు.

యాల్టా తరువాత రెండు నెలలకే రూజ్‌వెల్ట్ మరణించాడు. కొత్త అధ్యక్షుడు ట్రూమన్ జూలైలో పోట్స్‌డామ్ సమావేశానికి వెళ్లేసరికి అమెరికా తొలి అణుపరీక్ష విజయవంతమైంది. జూలై 24న, అసాధారణ వినాశక శక్తి గల కొత్త ఆయుధం తమ వద్ద ఉన్నదని అతడు స్టాలిన్‌తో యథాలాపంగా అన్నాడు. స్టాలిన్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అతని గూఢచారులు ఆ రహస్యాన్ని ఎప్పుడో చేరవేశారు. చెప్పినవాడు పూర్తిగా చెప్పలేదు, విన్నవాడు తెలిసినట్లు కనిపించలేదు. మిత్రుల మధ్య మాట ఎంత పలచబడిందో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాక, సొంత బాంబు తయారీని స్టాలిన్ వేగవంతం చేయించాడు.

1946లో ఉభయపక్షాల అనుమానాలు సిద్ధాంత రూపం ధరించాయి. సోవియట్ విస్తరణను ఓర్పుతో, దృఢంగా అడ్డుకోవాలనే ఆలోచనకు, మాస్కోలోని అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెనన్ ఫిబ్రవరిలో పంపిన సుదీర్ఘమైన తంతి పునాది వేసింది. మార్చి 5న ఫుల్టన్‌లో చర్చిల్ ఐరోపాకు అడ్డంగా ఇనుప తెర దిగిందని ప్రకటించాడు. సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నోవికోవ్, అమెరికా ప్రపంచాధిపత్యం కోరుతున్నదని మాస్కోకు నివేదించాడు. రెండు రాజధానుల నుంచి వెళ్లిన రెండు లేఖలు, ఒకే అద్దంలోని బింబ ప్రతిబింబాలు!

ఆ మరుసటి సంవత్సరం గ్రీసు వ్యవహారంలో జరిగినది రజ్జుసర్పభ్రాంతికి చక్కని ఉదాహరణ. 1944 అక్టోబరులో మాస్కోలో చర్చిల్ ఒక కాగితం ముక్కపై రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కు 90 శాతం పలుకుబడి అని రాసి చూపగా, స్టాలిన్ దానిపై పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ఈ ముచ్చటను చర్చిల్ స్వయంగా తన గ్రంథంలో చెప్పుకున్నాడు. ఆ డిసెంబరులో ఏథెన్స్‌లో బ్రిటిష్ సేనలు వామపక్షీయులతో పోరాడినా స్టాలిన్ మౌనం వహించాడు. తరువాతి అంతర్యుద్ధంలో గ్రీకు కమ్యూనిస్టులకు ప్రధానంగా సాయపడినది పొరుగున ఉన్న యుగోస్లావియా. వాషింగ్టన్‌కు మాత్రం దాని వెనుక మాస్కో హస్తమే కనిపించింది. ఆ భారం ఇక మోయలేనని బ్రిటన్ చేతులెత్తేయగా, ట్రూమన్ 1947 మార్చి 12న గ్రీసు, టర్కీల కోసం 40 కోట్ల డాలర్లు కోరాడు. దాస్యాన్ని ఎదిరించే ప్రజలకు ఎక్కడైనా అమెరికా అండగా నిలవాలన్నాడు. 'ఎక్కడైనా' అన్న ఆ భావమే ఒక స్థానిక సమస్యను ప్రపంచ సమస్యగా మార్చింది.

జూన్‌లో మార్షల్ ప్రణాళిక వచ్చింది. శిథిలమైన ఐరోపా పునర్నిర్మాణానికి అమెరికా నాలుగేళ్లలో సుమారు 1,300 కోట్ల డాలర్లు వెచ్చించింది. ఆహ్వానం అందిన రష్యా, ఆ సాయంతో తమ ఆర్థిక వ్యవస్థ అమెరికా కనుసన్నలలోకి వెళ్తుందని నిరాకరించింది. మొదట అంగీకరించిన చెకోస్లోవేకియా చేత కూడా స్టాలిన్ కాదనిపించాడు. 1948 ఫిబ్రవరిలో ఆ దేశం కమ్యూనిస్టుల వశమైంది. ఇది భ్రాంతి కాదు, నిజమైన పామే.

అసలు పరీక్ష బెర్లిన్‌లో ఎదురైంది. సోవియట్ మండలం నడిబొడ్డున ఉన్న ఆ నగరం నాలుగు దేశాల పాలనలో ఉండేది. 1948 జూన్‌లో పాశ్చాత్యులు తమ మండలాలలో కొత్త నాణ్యాన్ని ప్రవేశపెట్టారు. బలమైన జర్మనీ తిరిగి లేస్తున్నదని స్టాలిన్ భావించాడు. జూన్ 24న పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, జలమార్గాలన్నీ మూసివేయించాడు. 20 లక్షలకు పైగా జనం చిక్కుకుపోయారు. ట్యాంకులతో దారి చేసుకుని వెళితే మూడవ ప్రపంచ యుద్ధమే. వదిలి వెళితే పరాజయమే. పాశ్చాత్యులు ఆకాశమార్గాన్ని ఎన్నుకున్నారు. జర్మన్లు దానిని 'ఆకాశ వారధి' అన్నారు. సుమారు 2 లక్షల 78 వేల విమాన ప్రయాణాలలో 23 లక్షల టన్నుల సరుకు చేరింది. అందులో అధికభాగం బొగ్గు. మూడేళ్ల క్రితం బాంబులు కురిపించిన దేశాల విమానాల కోసం బెర్లిన్ పిల్లలు ఆకాశంలోకి ఆశగా చూశారు. స్టాలిన్ కూడా ఆ విమానాలను కూల్చమనలేదు. గీత దాటితే ఏమవుతుందో ఇరువురికీ తెలుసు. 1949 మే 12న దిగ్బంధం ముగిసింది.

అప్పటికే ఏప్రిల్‌లో నాటో కూటమి ఏర్పడింది. ఆగస్టు 29న రష్యా అణుబాంబును పరీక్షించింది. సంవత్సరాంతానికి జర్మనీ రెండు దేశాలైంది.

ఇరుకూటములకూ దూరంగా ఉంటామని జవహర్‌లాల్ నెహ్రూ 1946 సెప్టెంబరు 7నాటి రేడియో ప్రసంగంలోనే చెప్పాడు. ఆ మాటను మాస్కో వెంటనే నమ్మలేదు. మొదటి భారత రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే ఇవ్వలేదు. 1949లో ఆ స్థానానికి, ఒకప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ వెళ్లాడు. 1950 జనవరిలో స్టాలిన్ ఆయనను పిలిపించి మాట్లాడాడు. 1952 ఏప్రిల్‌లో, రాధాకృష్ణన్ స్వదేశానికి బయలుదేరే ముందు, మరొకమారు కలుసుకున్నాడు.