చుక్క కారని చలివేంద్రపు నల్లా

ఎండకాలమున నిజామాబాదు జిల్లాలో వేడిమి 44, 45 డిగ్రీలకు చేరు దినములు అరుదు కావు. అట్టి దినములలో బాటసారులకు దప్పిక తీర్చుటకై కూడళ్లలో చలివేంద్రములు నెలకొల్పుట మన ప్రాంతమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పందిరి వేసి, ఇసుక పరచి, రంజన్లు నిలిపి, నీరు పోసియుంచుట పుణ్యకార్యమని మన పెద్దలు తలచిరి. నేడు రంజనుకును, స్టీలు డ్రమ్మునకును అడుగున నల్లా బిగించుచున్నారు. నీరే కాక, మజ్జిగ, నిమ్మ షర్బతు, చెరకు రసము గూడ ఇట్టి నల్లాల ద్వారా పంచబడుచున్నవి. ఇది మంచి మార్పు. కాని కొన్ని వారములు గడచునప్పటికి ఆ నల్లాలలో పెక్కు చుక్క చుక్కగా కారుట మొదలిడును. చిన్న విషయమని దీనిని ఎవరును పట్టించుకొనరు. ఇది చిన్న విషయము కాదనియు, దీనికి సులభమైన ఉపాయము గలదనియు మేము ఇచట వివరింపబూనితిమి.

చుక్క విలువ

ముందు ఒక లెక్క చూతము. సుమారు 20 చుక్కలు కలిసిన ఒక మిల్లీలీటరు అగును. నల్లానుండి సెకనుకు ఒక చుక్క చొప్పున కారిన, నిమిషమునకు 3 మిల్లీలీటర్లు, గంటకు 180 మిల్లీలీటర్లు పోవును. ఒక పగలు, ఒక రాత్రి గడచునప్పటికి 4 లీటర్ల 320 మిల్లీలీటర్లు నేలపాలగును. ఇది 21 గ్లాసుల నీరు. 20 లీటర్ల డ్రమ్ము నింపియుంచిన, అందు అయిదవ వంతునకు మించి ఎవరి గొంతును తడుపకయే పోవును. 90 దినముల వేసవిలో ఒక్క నల్లా వలన కలుగు నష్టము సుమారు 389 లీటర్లు. ఈ నీటిని దూరపు బోరింగునుండి బిందెలతో మోసి తెచ్చువారికి దీని బరువు బాగుగా తెలియును.

నష్టము అంతటితో ముగియదు. పాత్ర క్రింద నేల ఎప్పుడును తడిసి బురద యగును. షర్బతు కారిన చోట ఈగలు, చీమలు ముసురును. అంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి గలదు. నల్లా కారుట చూచి విసిగిన నిర్వాహకులు దానికి గుడ్డపీలిక చుట్టుదురు, లేదా బిరడాతో మూసివేయుదురు. అప్పుడు జనులు పైమూత తెరచి గ్లాసు ముంచుకొందురు. గ్లాసుతోపాటు వ్రేళ్లును నీటిలో మునుగును. ఒకరి చేతి మురికి నూరుమంది నోటికి చేరును.

పాత్రలో చేయి మునుగకుండుట ఎంత మేలో కలకత్తా మురికివాడలలో జరిగిన ఒక పరిశోధన తెలిపినది. చేయి దూరని ఇరుకు మూతి గల సురాయిలలో నీరు నిలువ చేసికొన్న కుటుంబములలో కలరా వ్యాపించుట బాగుగా తగ్గెను. దాని ఫలితములు 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటింపబడినవి. నల్లా గల పాత్రయు ఆ సురాయి చేయు పనినే చేయును. కావున కారు నల్లా కేవలము నీటి వృథా కాదు. అది ఆరోగ్య రక్షణకు కట్టిన గోడలో పడిన బీట.

నల్లా లోపల ఏమున్నది?

ఏ నల్లాలో నైనను ముఖ్యమైన భాగములు రెండు. ఒకటి నీరు వచ్చు రంధ్రపు అంచు. దీనిని మిస్త్రీలు సీటు అందురు. రెండవది ఆ అంచుపై కూర్చుండి రంధ్రమును మూయు వాషరు. ఈ రెండును కలిసినదే కవాటము, అనగా వాల్వు.

పానీయమును కొలత ప్రకారము విడుచు కవాటము నేటిది కాదు. ఇంచుమించు 2000 సంవత్సరముల క్రిందట ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున హీరో అను యంత్రశాస్త్రజ్ఞుడు ఒక పాత్రను వర్ణించెను. అందు నాణెము వేసిన, దాని బరువునకు తులాదండము ఒరగి కవాటమును పైకెత్తును. నాణెము జారిపడగనే కవాటము మరల మూసికొనును. తనంతట తాను మూసికొను కుళాయికి ఇది మూలపురుషుని వంటిది. మన ఇండ్లలోని త్రిప్పుడు నల్లా 19వ శతాబ్దపు ఇంగ్లాండు నుండి వచ్చినది. రోథరహాము పట్టణమున గెస్ట్ అండ్ క్రైమ్స్ వారు మరచుట్లతో వాషరును సీటుపైకి దించు నల్లాకు 1845లో పేటెంటు పొందిరి.

నీరు కారు మూడు త్రోవలు

కారు నల్లాను బాగుచేయుటకు ముందు నీరు ఏ త్రోవన వచ్చుచున్నదో తెలిసికొనవలెను. త్రోవలు మూడు.

మొదటిది సీటు. నల్లా మూసినను కొమ్మునుండి చుక్కలు పడిన, వాషరు అరిగినదనియో, గట్టిపడినదనియో, నడుమ ఇసుక రేణువు చిక్కినదనియో గ్రహింపవలెను. రెండవది పిడి క్రింది కడ్డీ. నల్లా తెరచినప్పుడు పిడి మొదట తడి కనబడిన, కడ్డీ చుట్టు నున్న పాకింగు చెడినది. మూడవది పాత్రకును నల్లాకును నడిమి అతుకు.

ఈ మూడింటిలో ఏది కారణమో తెలిసికొనుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. నల్లాను పొడి గుడ్డతో తుడిచి, అంతటను సన్నని ముగ్గుపిండి చల్లి, అరగంట పిమ్మట చూడుడు. పిండి మొదట తడిసిన చోటే దోషస్థానము. అయితే మట్టి రంజను గోడ చెమర్చుట దోషము కాదు. ఆ చెమ్మ ఆవిరియగుట చేతనే లోని నీరు చల్లబడుచున్నది. దానిని చూచి కారుచున్నదని భ్రమపడి రంజనుకు రంగు పూయరాదు.

చెరకు సీమ నేర్పు పాఠము

1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర్ నిర్మాణము మంజీరా నీటిని ఈ నేలకు తెచ్చినది. ఆ నీటితో పెరిగిన చెరకును ఆడుటకై 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతపడినను, తీపి రసముల స్వభావమును గూర్చి అట్టి మిల్లులు నేర్పిన పాఠము నేటి షర్బతు నల్లాకును వర్తించును.

నీరు ఆరిన ఇంచుమించు ఏమియు మిగులదు. చక్కెర పానకము ఆరినచో పలుకులు కట్టును. సాయంకాలము సీటుపై మిగిలిన పలుచని పొర ఉదయమునకు గట్టి రవ్వ యగును. వాషరు ఆ రవ్వపై కూర్చుండి, మూసికొనినట్లు కనబడుచునే కారుచుండును. చెరకు రసమునకు మరియొక గుణము గలదు. నిలువయున్న రసములో ల్యూకోనాస్టాక్ అను సూక్ష్మజీవి చక్కెరను డెక్స్‌ట్రాన్ అను జిగురుగా మార్చును. నరికిన చెరకును ఆలస్యము లేక ఆడవలెనని మిల్లులవారు తొందరించుటకు ఇదియు ఒక కారణము. ఈ జిగురు నల్లా సందులలో పేరుకొనిన వాషరు అంటుకొనిపోవును, రసమును చెడును.

పులుపు పానీయములది వేరొక కథ. నిమ్మరసము, మజ్జిగ ఇత్తడిని తిని చిలుము పట్టించును. మన అమ్మలు ఇత్తడి గిన్నెకు కళాయి పోయింపక పులుసు కాచరు. ఆ వివేకమే ఇచటను వలయును. పులుపు పానీయములకు ఇత్తడి నల్లా తగదు. స్టెయిన్‌లెస్ స్టీలుదైనను, ఆహార పదార్థములకు తగినదని ముద్ర గల ప్లాస్టిక్కుదైనను వాడవలెను.

మంచి కవాటము ఎట్లుండవలెను?

పైని చెప్పిన దోషములను బట్టియే మంచి కవాటపు లక్షణములను నిర్ణయింపవచ్చును.

మొదటి లక్షణము: పానీయపు ఒత్తిడి కవాటమును తెరువజూడరాదు. సామాన్యపు త్రిప్పుడు నల్లాలో నీరు సీటు క్రిందినుండి వచ్చి వాషరును పైకి నెట్టుచుండును. 60 సెంటీమీటర్ల లోతు నీరు ప్రతి చదరపు సెంటీమీటరుపై 60 గ్రాముల ఒత్తిడి కలిగించును. 12 మిల్లీమీటర్ల రంధ్రపు వైశాల్యము 1.13 చదరపు సెంటీమీటర్లు గనుక, నెట్టు బలము సుమారు 68 గ్రాములు. అట్లుకాక, పానీయము ప్రక్కనుండి వచ్చి కవాటము చుట్టు నిలిచి, సీటు క్రింది వైపున గాలి మాత్రమే ఉండునట్లు అమర్చిన, ఈ ఎదురు బలము ఉండదు. సైకిలు ట్యూబులోని గాలి తన వాల్వును తానే మూసికొనుట మనము ఎరిగినదే.

రెండవ లక్షణము: మూయు బలము మనుష్యుని చేతిది కాక స్ప్రింగుది కావలెను. చేతితో త్రిప్పువారిలో ఒకరు చాలినంత బిగింపరు. మరియొకరు మితిమీరి బిగించి వాషరును నలిపివేయుదురు. స్ప్రింగు బలము ఎల్లప్పుడును ఒక్కటే. 500 గ్రాముల బలము గల స్ప్రింగు చాలును. దానిని ఎత్తు మీట ఒకటికి నాలుగు పాళ్ల పొడవుగా నున్న, వ్రేలితో 125 గ్రాముల బలము చూపిన చాలును. చిన్నపిల్లవాడును నీరు పట్టుకొనగలడు. చేయి తీయగనే నల్లా మూసికొనును గనుక, తెరచి మరచిపోవుట యనునది ఉండదు.

మూడవ లక్షణము: సీటు అంచు సన్నగా నుండవలెను. చెరకు నరుకు కత్తిని సానపట్టుట ఎందులకు? చేతి బలమంతయు సన్నని వాదరపై నిలుచుటకే. ఇచటను అంతే. లోపలి కొలత 12, వెలుపలి కొలత 20 మిల్లీమీటర్లు గల వెడల్పు సీటు వైశాల్యము 2 చదరపు సెంటీమీటర్లు. 500 గ్రాముల బలము దానిపై పరచుకొనిన, చదరపు సెంటీమీటరుకు 250 గ్రాములే వచ్చును. అంచు వెడల్పు ఒక మిల్లీమీటరే అయిన వైశాల్యము 0.41, ఒత్తిడి 1200 గ్రాములకు మించును. అదే స్ప్రింగుతో ఇంచుమించు అయిదు రెట్లు బిగువు లభించినది. రవ్వలు నిలుచుటకు చోటును తక్కువ. అయితే కత్తివలె వాడిగా నున్న వాషరు తెగును గనుక అంచును గుండ్రముగా నునుపు చేయవలెను.

నాలుగవ లక్షణము: గట్టిదానిపై మెత్తనిది కూర్చుండవలెను. రెండును గట్టివైన సన్నని గీతల గుండ నీరు జారును. ఆహారమునకు తగిన సిలికోను రబ్బరు మెత్తగా ఒదిగి ఆ గీతలను పూడ్చును. వేడి తేనీటికిని చెడదు.

అయిదవ లక్షణము: స్ప్రింగునకును, కడ్డీకిని పానీయము తగులరాదు. ఇందులకు చక్కని ఉపాయము గలదు. వాషరును చిన్న గిన్నె ఆకారమున చేసి, కడ్డీ కొనకు తొడిగి, గిన్నె పైయంచును మూతతో నల్లాకు బిగింతురు. గిన్నె అడుగు సీటును మూయును. గిన్నె గోడ పానీయమును పైకి రానీయక తెరవలె అడ్డు నిలుచును. ఒక్క వస్తువే రెండు పనులు చేయును గనుక పాకింగు అవసరము లేదు. కడ్డీ మొదట కారుటయు లేదు. హోటళ్లలో చల్లని తేనీటి పాత్రలకు వాడు నల్లాలలో ఇట్టి ఏర్పాటే కానవచ్చును.

ఆరవ లక్షణము: పనిముట్టు లేక చేతితోనే విప్పి కడుగుటకు వీలుండవలెను. కడుగుటకు కష్టమైన నల్లాను ఎవరును కడుగరు.

తుదకు కొమ్ము. సీటు క్రింద కొమ్ము పొడవుగా నున్న, అందు నిలిచిన నీరు మూసిన పిమ్మట రెండు మూడు చుక్కలుగా రాలును. ఇది కారుట కాదు గాని చూచువారికి అట్లే తోచును. కొమ్ము పొట్టిగా నుండిన ఈ చిక్కును తీరును.

పరీక్షించి కొనవలెను

ఎంత చక్కగా చేసినదైనను పరీక్ష లేక నమ్మరాదు. పాత్రను నిండ నింపి, నల్లాను తుడిచి, క్రింద పొడి కాగితముంచి రాత్రియంతయు విడువుడు. తెల్లవారి కాగితముపై మచ్చ యుండరాదు. పిమ్మట చిక్కని చక్కెర పానకము విడిచి, ఒక దినము ఆరనిచ్చి, మరల నీటితో అదే పరీక్ష చేయుడు. మూడవసారి నీటిలో చిటికెడు సన్నని ఇసుక కలిపి, నూరుమార్లు మీట నొక్కి చూడుడు. ఈ మూడింట నిలిచిన నల్లా వేసవి పొడవునను నిలుచునని ఆశింపవచ్చును.

బిగించుటలోను జాగ్రత్త వలయును. రంధ్రము పాత్ర అడుగునకు రెండు అంగుళముల పైన నుండిన మడ్డి నల్లాలోనికి రాదు. లోపల ఒకటి, వెలుపల ఒకటి మెత్తని వాషర్లు వేయవలెను. మట్టి రంజనుకు చేతితోనే బిగింపవలెను. పానా పట్టిన రంజను పగులును. నీటి నల్లాను వారమున కొకమారు, షర్బతు, రసము, మజ్జిగ నల్లాలను ప్రతి రాత్రియు విప్పి వేడినీటితో కడుగవలెను. గిన్నె వాషరు ఒకటి అదనముగా దగ్గర నుంచుకొనవలెను.

2016 ఆగస్టు 7న గజ్వేల్ చెంత కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఇంటింటికి నల్లా చేర్చు సంకల్పముతో నడచినది. దూరపు నదినుండి శుద్ధియై వచ్చు నీటికి చివరి కాపరి ఆ చిన్న కవాటమే. గ్రామ పంచాయతీలు, మహిళా సంఘములు, పాఠశాలల ఉపాధ్యాయులు చలివేంద్రము తెరచుటకు ముందే తమ నల్లాలను ముగ్గుపిండితో పరీక్షింతురు గాక. పాఠశాలలలో విద్యార్థులచే చుక్కల లెక్క కట్టించుట మంచి పాఠము కాగలదు. రంజనులో పోసిన ప్రతి గ్లాసు నీరును ఒక దప్పిగొన్నవాని గొంతు చేరిననాడే చలివేంద్రము పెట్టిన ఫలము దక్కును.