ఆరోగ్యశ్రీ బకాయిలు: బడ్జెట్‌లోని డబ్బు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యమవుతుంది?

వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే కుటుంబంలో ఒకరికి గుండె ఆపరేషన్ అవసరమైతే ఆధారం ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం, లేదా ప్రభుత్వ చికిత్స పథకం ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రి. రెండు చోట్లా ఆ చికిత్సకు డబ్బు రావాల్సింది ప్రభుత్వ నిధుల నుంచే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఒక్కో కుటుంబానికి చికిత్స పరిమితి ఏడాదికి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది.

పరిమితి పెరిగినా ఆసుపత్రికి డబ్బు వెంటనే అందదు. పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ తడబడేది ఇక్కడే: కేటాయింపు, విడుదల, చెల్లింపు వేర్వేరు దశలు. రాజ్యాంగం 203వ అధికరణ కింద శాసనసభ పద్దులను ఆమోదిస్తుంది, 204 కింద ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అంతమాత్రాన డబ్బు కదలదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాతే ఆసుపత్రి బిల్లుకు చెల్లింపు. రాబడి తగ్గితే జీతాలు, పింఛన్లు, వడ్డీలు ముందుకొస్తాయి. చికిత్స బిల్లులు వెనక్కిపోతాయి. పాత బకాయిలు కొత్త ఏడాది కేటాయింపును తినేస్తాయి. ఈ చివరి అంశం చాలా గైడ్లలో కనిపించదు, కానీ అసలు చిక్కు ఇదే. తాత్కాలిక నగదు కొరతకు ఆర్‌బీఐ చట్టం 17(5) సెక్షన్ కింద చేబదులు సదుపాయం ఉన్నా, అది స్వల్పకాలిక అప్పు మాత్రమే.

2025 సెప్టెంబరులో తెలంగాణలోని ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపాయి. ప్రభుత్వ హామీ తర్వాతే పునరుద్ధరించాయి. ఆ రోజుల్లో వాయిదాపడిన ఆపరేషన్ల భారం పేదలదే, ఇది అన్యాయం.

ఈ ఖర్చులో ప్రధాన బాధ్యత రాష్ట్రానిదే: రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ అంశం. కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో చాలా రాష్ట్రాలకు కేంద్రం, రాష్ట్రం వాటా 60:40. జాతీయ ఆరోగ్య విధానం–2017 పెట్టుకున్న లక్ష్యం: 2025 నాటికి ఆరోగ్యంపై జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వ వ్యయం.