వెలుగు తిరిగి వచ్చిందంటే ఏమిటి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండే మనకు, పట్టాల మీద పనిచేసేవాళ్ల నారింజ రంగు జాకెట్లు బాగా తెలుసు. పగటివేళ కూడా అవి మామూలు బట్టకన్నా ఎక్కువగా మెరుస్తాయి. ఆ రంగు నీలం, అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నారింజ కాంతిగా తిరిగి ఇస్తుంది. దీన్నే ప్రతిదీప్తి అంటాం. ఇంగ్లీషు పేరు ఫ్లోరెసెన్స్.

కణం చుట్టూ ఉండే పలుచని పొరను, అంటే కణ త్వచాన్ని, అర్థం చేసుకోవడానికి ఈ గుణం పనికొస్తుంది. లిపిడ్‌లనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఈ పొర ఏర్పడుతుంది. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. ఇది గోడలా బిగుసుకుని ఉండదని, ద్రవంలా ఉంటుందని 1972లో సింగర్, నికల్సన్ చెప్పారు. మరి అణువుల కదలికను చూసేదెలా?

ఉదయం ప్రార్థనకు మనమంతా పసుపు టోపీలతో మైదానంలో నిలబడ్డామనుకుందాం. మధ్యలో ఒక వలయం గీసి, అందులో ఉన్నవాళ్ల టోపీలు తీయించారు. మేడ మీంచి చూస్తే అక్కడ నల్లమచ్చ కనిపిస్తుంది. ఎవరూ కదలకపోతే మచ్చ అలాగే ఉంటుంది. అందరూ అటూ ఇటూ జరుగుతుంటే కాసేపటికి చెరిగిపోతుంది.

ఫ్రాప్ అనే పద్ధతిలో జరిగేది ఇదే. కొన్ని లిపిడ్‌లకు ప్రతిదీప్తి రంగు తగిలిస్తారు. లేజర్‌తో ఒక చిన్నచోట ఆ రంగును శాశ్వతంగా ఆర్పేస్తారు. కొద్దిసేపటికి అక్కడ వెలుగు మళ్లీ వస్తుంది. ఇక్కడే మనం పొరబడతాం. ఆరిన అణువులు మళ్లీ వెలగలేదు. అవి పక్కకు వెళ్లాయి, వెలిగేవి లోపలికి వచ్చాయి. ట్రాన్స్‌ఫర్ల తర్వాత మన తరగతిలో సంఖ్య అంతే ఉన్నా ముఖాలు మారినట్టు!

వెలుగు ఎంత త్వరగా వస్తే కదలిక అంత వేగం. పూర్తిగా రాకపోతే కొన్ని అణువులు కదలడం లేదని అర్థం. ఒక లిపిడ్ సెకనులో సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే ఒక బాక్టీరియా పొడవంత దూరం వెళ్లగలదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం ఇలాంటి పరిశోధనలు చేసింది. మెదడులోని హిప్పోకాంపస్ పొరల్లో లిపిడ్‌ల కదలికపై కొలెస్టరాల్ ప్రభావాన్ని పరిశీలించి 2006లో ప్రచురించింది.

ఈ కదలిక ఎందుకంత ముఖ్యం? చలికాలంలో మన ఇంట్లో నెయ్యి పేరుకుంటుంది కదా! త్వచం కూడా అలా గట్టిపడితే అందులోని ప్రొటీన్లు సరిగా పనిచేయలేవు. అందుకే చలినీటి చేపలు తమ త్వచంలోని కొవ్వులను మార్చుకుని దాన్ని పలుచగా ఉంచుకుంటాయి. కదలిక ఉంటేనే కణానికి బతుకు.