విమాన దూరము – ప్రయాణ కాలము

గోదావరి పాయల నడుమ నివసించు మనకు, కంటికి కానవచ్చు దూరము వేరు, చేరుటకు పట్టు కాలము వేరు అని ఎవరును చెప్పనక్కరలేదు. ఎదుర్లంక ఒడ్డున నిలిచిన వారికి ఆవలి యానాం కనబడుచునే యుండును. అయినను 2002లో వంతెన ఏర్పడువరకు గౌతమిని దాటుటకు రేవులో వేచియుండవలసి వచ్చెడిది. విమానయానమునకును ఇదే న్యాయము వర్తించును.

రాజమహేంద్రవరమునకు సుమారు 18 కి.మీ. దూరమున మధురపూడి విమానాశ్రయము కలదు. అచ్చటనుండి, 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమునకు దూరమెంత? లెక్క సులభము. రెండును ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమునందే యున్నవి. మధురపూడి రేఖాంశము 81.8 డిగ్రీలు, శంషాబాదు రేఖాంశము 78.4 డిగ్రీలు, భేదము 3.4. మన ప్రాంతమున ఒక్కొక్క రేఖాంశ డిగ్రీకి సుమారు 106 కి.మీ. కావున ఆకాశమార్గమున దూరము రమారమి 360 కి.మీ. విజయవాడ, కాజీపేటల మీదుగా చుట్టి పోవు రైలుమార్గము సుమారు 500 కి.మీ.

పంకాలతో నడచు చిన్న విమానము గంటకు సుమారు 500 కి.మీ. వేగముతో పోగలదు. ఆ లెక్కన 43 నిమిషములు చాలవలెను. కాని సమయపట్టికలో గంటకు పైగా చూపుదురు. ఏలయన, విమానము కదలినది మొదలు ఆవల నిలుచువరకు గల కాలమంతయు అందు చేరును. పైకెక్కునపుడును, దిగునపుడును వేగము తక్కువ.

ఇక అమలాపురము చెంతనున్న గ్రామస్థుని ప్రయాణమును గణింతము. మధురపూడి చేరుటకు రెండున్నర గంటలు, ముందుగా చేరి వేచియుండుటకు రెండు గంటలు, విమానములో గంటంబావు, సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు అరగంట, శంషాబాదు నుండి నగరములోనికి ఒక గంట. మొత్తము ఏడు గంటలు దాటినది. అందు ఆకాశమున గడచినది ఒక గంట మాత్రమే.

పంచాయతీ సభ్యులు ఈ లెక్కను గమనింపవలసిన కారణమొకటి కలదు. గ్రామములో ఎవరికైనను గుండెనొప్పి వచ్చినపుడు, “విమానమెక్కించిన గంటలో హైదరాబాదు” అను మాట వినబడుచుండును. ఆ మాట నమ్మి తడవు చేయరాదు. తీవ్ర వ్యాధిగ్రస్తుని విమానములో తీసికొనిపోవుటకు వైద్యుని ధ్రువపత్రము, విమానసంస్థ సమ్మతి కూడ కావలసియుండును. అట్టి వేళ 108కు ఫోను చేసి సమీపమున చికిత్స జరుగు ఆసుపత్రికి చేర్చుటయే మేలు. కోనసీమవారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి యానాం వంతెన మీదుగా ఇంచుమించు రెండు గంటల దారి.

కావున ప్రతి పంచాయతీయు తన గ్రామమునుండి ఆసుపత్రి, రైలుస్టేషను, విమానాశ్రయములకు పట్టు కాలమును పగలు, రాత్రి, వరదల వేళలకు వేరువేరుగా వ్రాసి, కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు అంటింపవలెనని కోరుచున్నాము. అందు కిలోమీటర్లకంటె గంటలను ముందు వ్రాయుడు.