పాతకారుతో ఇంటిదారి పట్టిన మేనల్లునికి



ఉత్తరపాడ కర్మాగారమున తయారైన 1966 నాటి మార్క్ టూ అంబాసిడరు కారును కలకత్తాలో కొంటివనియు, దానిని లారీమీద ఎక్కింపక నీవే నడుపుకొనుచు రాజమహేంద్రవరము చేరదలచితివనియు మీ అమ్మ చెప్పగా విని మిక్కిలి సంతసించితిని. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని నమూనాగా గైకొని 1957లో మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయినది గనుక, ఇక మీదట ఆ జాతి బండ్లకు ఓపికతో మరమ్మతు చేయించి నిలుపుకొనువారే దిక్కు. అట్టివారిలో మన ఇంటి పిల్లవాడొకడు చేరుట నాకు గర్వకారణము. నీ ప్రయాణమును మాన్పింపుమనియే మీ అమ్మ నన్ను ఉత్తరము వ్రాయుమన్నది గాని, నేను వ్రాయుచున్నది మాత్రము నీవు ఆ ప్రయాణమును క్షేమముగా ముగించుటకు.

నేను చెప్పదలచినది ప్రధానముగా ఒక్కటే. ఆ బండిని నీవింకను ఎరుగవు. అమ్మినవాడెంతటి సత్యసంధుడైనను, ఇంటినుండి బజారునకును, బజారునుండి ఇంటికిని తాను నడుపుకొన్న బండి, దినమునకు సుమారు 200 కిలోమీటర్ల చొప్పున ఐదు దినములు వరుసగా పరుగెత్తవలసి వచ్చినపుడు ఏమి చేయునో ఆయనకును తెలియదు. కావున సొమ్ము చెల్లించిన సాయంకాలమే పెట్టె సర్దుకొని బయలుదేరుదునను ఉబలాటమును అణచుకొని, కలకత్తాలో ఒక వారము నిలువుము. ప్రతి ఉదయమును ఊరివెలుపలికి కొంత దూరము పోయి రమ్ము; తిరిగివచ్చిన పిమ్మట బండి నిలిపిన చోట నేలమీద ఏ చుక్కలు పడినవో, అవి ఆయిలో, నీళ్లో, బ్రేకు ఆయిలో వ్రేలితో తాకి చూడుము. ఈ బండికి కావలసిన విడిభాగములు అక్కడి మల్లిక్ బజారులో దొరకినంత సులభముగా దారిలో మరెచ్చటను దొరకవు. తెలియని లోపము బయటపడదగిన చోటు అదే గాని, దారిలోని వైతరణి వంతెన మీద కాదు.

అన్నిటికంటె ముందు బ్రేకుల సంగతి చూడుము. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే; కాలి బలమును హెచ్చించు ఏర్పాటేదియు ఆ కాలపు బండిలో లేదు. చక్రములను విప్పించి, ముందుచక్రములకు పోవు రబ్బరు గొట్టములను రెండు వ్రేళ్లనడుమ పట్టి వంచి వెలుతురులో చూచితివేని, పైకి నున్నగా కనిపించు గొట్టము వంపునొద్ద సన్నని నెరియలు విచ్చుట కనబడవచ్చును. అట్టిదానిని ఒక్క దినము కూడ ఉంచవలదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. ఏండ్ల తరబడి మార్చని ఆయిలులో చేరిన ఆ నీరు, బ్రేకులు వేడెక్కినపుడు ఆవిరియై, నీవు తొక్కిన పెడలు ఏ అడ్డును లేక నేలకు దిగిపోవును. కాబట్టి అమ్మినవాడు మొన్ననే మార్పించితినన్నను నీవు మరల మార్పింపుము. టైర్లమీది చాళ్లు అరుగలేదని మురియవలదు. ప్రక్కగోడమీద నాలుగంకెల సంఖ్య యుండును, అందు మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. పదేండ్లు దాటిన టైరు ఎంత నిగనిగలాడినను దూరప్రయాణమునకు పనికిరాదు, స్టెప్నీ సంగతియు అంతే.

పెట్రోలు విషయమున మా కాలమున లేని చిక్కు నీకు వచ్చి పడినది. ఇప్పుడు బంకులలో పోయుచున్నది 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు. 1966లో ఆ బండికి అమర్చిన రబ్బరు గొట్టములు గాని, పెట్రోలు పంపులోని పొర గాని దానిని తట్టుకొనుటకై తయారైనవి కావు. అవి క్రమముగా ఉబ్బి, మెత్తబడి, చిట్లును. అంతేగాక బహుకాలము కదలక నిలిచిన ట్యాంకు అడుగున తుప్పు పేరుకొని యుండును, రోడ్డు కుదుపులకు అది లేచి కార్బురేటరు దారిని మూసివేయును. ట్యాంకు దింపించి కడిగింపుము. గొట్టములన్నియు ఈ కాలపు పెట్రోలునకు తగినవి వేయింపుము. పంపునకు ముందు పారదర్శకమైన ఫిల్టరు నొకదానిని పెట్టించి, దానికి జోడుగా మరి రెండు డిక్కీలో ఉంచుకొనుము.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పుదును. ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను ఆర్‌సీతో నీ కన్నులతో నీవే సరిచూడుము. రిజిస్ట్రేషను గడువు మిగిలియున్నదేమో చూచి, ఆ రాష్ట్రపు రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము పుచ్చుకొని, బీమాను నీ పేరునకు మార్చుటకు 14 దినములలోపల దరఖాస్తు పెట్టుము. 50 ఏండ్లు దాటిన బండ్లను వింటేజి తరగతిలో చేర్చుకొను నియమము 2021లో వచ్చినది. ఆ తరగతి బండ్ల నంబరు పలకపై వీఏ యను అక్షరములుండును, వానిని ప్రదర్శనలు మున్నగు కొలది పనులకు తప్ప మామూలుగా రోడ్డుమీద నడుపరాదు. నీ బండి ఆ తరగతిలో చేరినదైనచో, మారుమాటాడక లారీమీదనే తెప్పించుకొనవలెను.

ఇక పనిముట్లు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను వనిత, భర్తకైనను చెప్పక, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆయన నిర్మించిన మూడు చక్రముల బండిలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పుట్టింటికి పోయినది. పెట్రోలు గొట్టము మూసుకొనిపోగా తన టోపీ సూదితో పొడిచి శుభ్రపరచినది, బ్రేకు దిమ్మలు అరుగగా దారిలోని చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది. ఆమె ధైర్యముకంటెను, ఆ యంత్రములో ఏ భాగము ఏ పని చేయునో ఆమె ఎరిగియుండుటయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. నీవును బయలుదేరకముందు డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, పాయింట్ల నడుమ ఎడమును ఫీలరు గేజితో కొలుచుట నేర్చుకొనుము. అంగుళములో వేయింట 15 వంతులు, అనగా సుమారు మిల్లీమీటరులో ఐదింట రెండు వంతులు, అచ్చట ఎడముండవలెను. గేజి రేకు ఆ సందున బిగియక, వదులును గాక, కొంచెము రాచుకొనుచు కదలుట వ్రేళ్లకు తెలియును. పాయింట్ల జత, కండెన్సరు, ప్లగ్గులు, ఫ్యాను బెల్టు, ఫ్యూజులు, జాకీ, రెండు డబ్బాల నీళ్లు, ఇనుపతీగ, ఒక లీటరు ఇంజను ఆయిలు వెంట నుండవలెను. సెల్ఫు పనిచేయక హాండిలుతో త్రిప్పవలసి వచ్చినచో బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి పట్టుకొనుము. చుట్టి పట్టినయెడల ఇంజను ఎదురుతన్నినపుడు బొటనవ్రేలో, మణికట్టో విరుగవచ్చును.

ప్రయాణమునకు పుష్యమాసము మంచిది, ఏలయన తుపానుల కాలము గడచిపోవును, ఎండలు ముదిరియుండవు. మంచు విచ్చిన తరువాతనే కదలి, దీపములు వెలిగించు వేళకు ముందే ఆగుము. ఆ డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నపుడు కరెంటు ఇయ్యజాలదు, ఆ హెడ్‌లైట్ల వెలుగు నేటి లారీల వెలుగు ముందు ఆనదు. మొదటినాడు బాలేశ్వరము, రెండవనాడు భువనేశ్వరము, మూడవనాడు బరంపురము, నాలుగవనాడు విశాఖపట్టణము, అయిదవనాడు ఇల్లు. సువర్ణరేఖ మొదలు నాగావళి దాక నదులన్నియు దాటి వచ్చు చక్కని దారి అది. గంటకు 60 కిలోమీటర్లకు మించకుము. బరంపురము చేరినచో మెకానిక్కుతో తెలుగులోనే మాటాడుకొనవచ్చును, మూడవ మజిలీని అచ్చటనే పెట్టుటకు అదియు ఒక కారణము.

దారిలో డైనమో కరెంటు ఇచ్చుట లేదని తెలుపు ఎఱ్ఱదీపము వెలిగి ఆరకున్నచో తక్షణమే నిలిపి, ఫ్యాను బెల్టు తెగినదేమో చూడుము. ఆ బెల్టు డైనమోను మాత్రమే గాక నీళ్ల పంపును గూడ త్రిప్పును గనుక, బెల్టు తెగిన బండిని పోనిచ్చినచో ఇంజను మాడిపోవును. వేడిగా నున్న రేడియేటరు మూతను ఎంతటి తొందరలోనైనను విప్పవలదు. మధ్యాహ్నపుటెండలో టోల్ గేటువద్ద బారులు తీరి ప్రాకుచున్నపుడు ఇంజను తడబడి ఆగిపోయినచో బెదరకుము. గొట్టములోని పెట్రోలు వేడికి ఆవిరియైనది, పంపు ఆవిరిని త్రోయజాలదు. తెలియనివారు సెల్ఫును కొట్టి కొట్టి బ్యాటరీని హరింతురు. బండిని నీడకు త్రోయించి, బానెట్టు ఎత్తి, పంపుమీదను గొట్టముమీదను తడిగుడ్డ వేసి అరగంట కూర్చుండుము. వెనుకనున్నవారు హారను మ్రోగింతురు, ఒకరిద్దరు చిరాకుపడుదురు, అయినను లెక్కచేయకుము. ఆ అరగంటను వృథాయని తలంచువాడు పాతబండి కొనరాదని నా దృఢాభిప్రాయము.

ప్రతి రాత్రియు మజిలీ చేరగానే మొదట మీ అమ్మకు ఫోను చేసి, తరువాత ఆ దినమున తాగిన పెట్రోలెంతో, పోసిన నీళ్లు, ఆయిలు ఎంతెంతో ఒక పుస్తకమున వ్రాసికొనుము. ఒంటరిగా రావలదు, స్నేహితునెవరినైన వెంట తీసికొనుము. అలసటగా నున్ననాడు భువనేశ్వరములో ఇంకొక దినము నిలిచినచో ఇచ్చట ఎవరును తొందరపడరు.

ఇల్లు చేరిన నాడు, చుట్టములు గుమిగూడి ఫోటోలు దిగుటకు ముందే, ఇంజను వేడి చల్లారకముందు ఆయిలును తెల్లని పళ్లెములోనికి దింపి యుంచుము. దానిపై తెల్లని మడ్డి కట్టినచో నీళ్లు కలియుచున్నవన్నమాట, రాగిరంగు రజను మెరసినచో బేరింగులు అరుగుచున్నవన్నమాట. పళ్లెమును ఎవరును కదల్పకుండ చూచి నాకు కబురు చేసినచో, మరునాటి ఉదయపు బస్సులో వచ్చి నీతో కలిసి చూచెదను. నీ పుస్తకమును కూడ సిద్ధముగా నుంచుము.

ఇట్లు,
నీ శ్రేయస్సును కోరు
మామయ్య