నారింజ కొమ్మకు ఉంగరపు గాటు

ఏపుగా పెరిగిన నేవల్ జాతి నారింజ చెట్టు ఒక్క పూతలో లక్షకు పైగా పూలు పూయగలదు. వానిలో కోతకు వచ్చే కాయలు నూటికి ఒకటి కూడ ఉండవు. మిగిలినవన్నీ పూవుగానో, పిందెగానో నేల రాలవలసిందే. ఇది తెగులు కాదు. అన్నింటిని పోషించే శక్తి లేదు గనుక చెట్టు తనంతట తానే బరువు దించుకొంటున్నది. అయితే రాలుడు మితిమీరినప్పుడు రైతుకు నష్టం. స్పెయిన్ దేశంలోని వలెన్సియా రైతులు దీనికి కత్తిగాటుతో మందు వేస్తారు.

అక్కడ విరివిగా పండేది క్లెమెంటైన్ అనే చిన్న కమలా. అల్జీరియాలోని మిసెర్గిన్ అనాథాశ్రమపు తోటలో దీనిని పెంచిన బ్రదర్ క్లెమాన్ పేరు మీదుగా 1902లో దీనికి ఆ పేరు పెట్టారు. (మన నారంగమే పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాన్హా అయినది. ఈ ప్రయాణం ఉర్దూ శాఖ మిత్రులకు నాకంటె బాగా తెలుసు.) క్లెమెంటైన్ తన పుప్పొడితో తాను ఫలదీకరణం చెందదు. పరజాతి పుప్పొడి సోకకుంటే గింజలు లేని కాయ కాస్తుంది. తినేవారికి అది వరమే గాని, గింజ ఉన్న పిందెకు గల పట్టు గింజలేని పిందెకు ఉండదు.

చెట్టులో నీరు వేళ్ళ నుండి కలప గుండా పైకి పోతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర బెరడు లోపలి పొర గుండా క్రిందికి దిగుతుంది. ఇటలీ దేశస్థుడు మాల్పీగీ 17వ శతాబ్దంలోనే బెరడును వలయంగా ఒలిచి, గాటుకు పైభాగం ఉబ్బడం గమనించాడు. దిగవలసిన ఆహారం అక్కడ ఆగిపోయినదన్న మాట. ఆగిన ఆహారం పిందెలకు దక్కుతుంది. గాటు వలన చెట్టుకు కొత్త బలమేమీ రాదు. వేళ్ళ వాటా కొన్నాళ్ళు కాయలకు మళ్ళుతుంది, అంతే.

ఈ చివరి మాట తెలియక నేనొక చెట్టును చంపాను. ఇంటర్మీడియట్‌లో పాఠం విన్న ఉత్సాహంతో మా పెరటి నిమ్మచెట్టు మాను చుట్టూ బొటనవ్రేలి వెడల్పున బెరడు ఒలిచివేశాను. ఆ ఏడు అది విరగకాసింది. అమ్మ రెండు జాడీల ఊరగాయ పెట్టి, వీధంతా కాయలు పంచింది. నేను మాస్టారి కంటె పెద్దవాడినైనట్లు తిరిగాను. మరుసటి వేసవికి ఆకులు పసుపుబారి, రెమ్మలు కొనల నుండి ఎండి, చెట్టు మోడైపోయింది. మేము పంచిన కాయలు వేళ్ళ నోటి కూడు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆ మోడును మాత్రం చాలాకాలం కొట్టించలేదు.

వలెన్సియా రైతులు బెరడు ఒలవరు. దీనిని వారు ‘రయాదో’, అనగా గీత గీయడం, అంటారు. పూరేకులు రాలిన తరువాత, వంపు మొన గల కత్తితో కొమ్మ చుట్టూ సన్నని గీత పెడతారు. బెరడు తెగాలి, కలప తెగరాదు. కొన్ని వారాలలో గాటు పూడి, వేళ్ళకు ఆహారం మళ్ళీ దిగుతుంది. పిందె పట్టు దాటిన పిదప పెట్టిన గాటు కాయల సంఖ్యకు తోడ్పడదు. పరిమాణానికి కొంత ఉపకరించవచ్చు.

తెలంగాణలోని నల్లగొండ, ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం బత్తాయి తోటలలో పూత కోసం నీరు ఆపి చెట్టును వాడగొట్టే అలవాటు ఉన్నది. అలా నీరసించిన చెట్టుకు, బంకతెగులు సోకిన చెట్టుకు గాటు పెట్టరాదు. ఎక్సోకార్టిస్ అనే వ్యాధి కత్తి ద్వారా కూడ వ్యాపిస్తుంది గనుక చెట్టు మారినప్పుడల్లా కత్తిని బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. పరీక్షించదలచిన విద్యార్థులు మాను జోలికి పోక, బలమైన చెట్టుకు ఒకే కొమ్మను ఎన్నుకొని, దాని ప్రక్కనే గాటు లేని కొమ్మకు దారం కట్టి, రెండింటి పిందెలను వారం వారం లెక్కించి వ్రాసుకోవాలి.